తండా పరువు మొయ్యడం మీ ఒక్కరి పనా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర తండా. లంబాడీలం. నాకు 29 ఏళ్లు. గురుకులంలో ఇంటర్ దాకా చదివాను, ఇప్పుడు దేవరకొండలో ఒక బట్టల షాపులో పనిచేస్తున్నాను. పెండ్లయి తొమ్మిదేళ్లు. పాపకు ఎనిమిది, బాబుకు ఐదు. మా ఆయన హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోయి పదిహేను రోజులకోసారి ఇంటికొస్తాడు. వచ్చిన రాత్రే ఫోన్ గుంజుకుని ఎవరెవరితో మాట్లాడానో చూస్తాడు. నా జీతం పడగానే ఆయనకు ఫోన్‌పే చెయ్యాలి. కొట్టడం మొదటి నుంచీ ఉంది. ఈ ఏడాది మాత్రం మూడుసార్లు గొంతు పట్టుకున్నాడు. అందులో రెండుసార్లు తాగి కూడా లేడు. పోయిన నెల కండ్లు తిరిగి పడిపోయాను. రెండు రోజులు అన్నం మింగలేకపోయాను. మెడకు చున్నీ చుట్టుకుని షాపుకు పోతే, ఎండాకాలంలో ఇదేంది అని అడిగారు. గొంతు నొప్పి అని చెప్పాను.

తండా పెద్దమనుషులు రెండుసార్లు కూర్చున్నారు. రెండోసారి ఆయనకు జరిమానా వేశారు. ఆ పైసలు కూడా నా జీతంలోంచే కట్టాం. పోలీస్ స్టేషన్‌కు పోతానంటే మా అమ్మ ‘కోర్‌వాళ్ల (బయటివాళ్ల) ముందట మన గోర్‌వాళ్ల (లంబాడీల) పరువు తీస్తవా’ అంటుంది. నాకూ అదే భయం. షాపులో ఎవరైనా తాగి గొడవచేస్తే ‘లంబాడోళ్లు ఇంతే’ అంటారు. నేనే స్టేషన్ మెట్లెక్కితే వాళ్ల మాటను నేనే నిజం చేసినట్టు కాదా? ఆయన మీద జాలి కూడా ఉంది. మేస్త్రీ రెండు నెలల కూలి ఎగ్గొట్టినా చేతులు కట్టుకుని నిలబడి వచ్చాడు. ఆ టెన్షన్ అంతా నా మీద తీస్తాడు. ఇల్లు మా అత్త పేరు మీద ఉంది. మన జాతికి హిందూ వివాహ చట్టం వర్తించదు, కేసు నిలబడదు అని మా మరిది అంటున్నాడు. ఏం చెయ్యాలో చెప్పండి. పేరు వద్దు.

జవాబు: అమ్మా, మీరు అడిగింది పరువు గురించి. నేను మాత్రం ముందు మీ గొంతు గురించి మాట్లాడతాను. మిగతావన్నీ నాలుగు రోజులు ఆగినా ఫర్వాలేదు, ఇది ఆగేది కాదు.

కొట్టడం వేరు, గొంతు పిసకడం వేరు. చెంపదెబ్బ వాతలు తేలుతుంది, నలుగురికీ కనిపిస్తుంది. గొంతు పట్టుకుంటే పైకి చిన్న గీత కూడా ఉండకపోవచ్చు. లోపల మెదడుకు రక్తం తీసుకుపోయే నాళాలు దెబ్బతినవచ్చు. కొందరిలో దాని ప్రభావం రోజుల తర్వాత పక్షవాతంలా బయటపడుతుంది. స్పృహ తప్పడం, మింగలేకపోవడం, గొంతు బొంగురుపోవడం, కంటి తెల్లగుడ్డులో ఎర్రని చుక్కలు, ఆ కొన్ని నిమిషాలు ఏం జరిగిందో గుర్తు లేకపోవడం, ఇవన్నీ ప్రమాద సూచనలే. వీటిలో రెండు మీరే రాశారు. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పాలి. భర్త చేతిలో ప్రాణం పోయిన ఆడవాళ్ల గతం తవ్విచూస్తే, అంతకు ముందే ఒకసారో రెండుసార్లో గొంతు పట్టుకున్న సంగతి చాలా కేసుల్లో కనిపిస్తుంది. మిమ్మల్ని భయపెట్టాలని రాయడం లేదు. మొదటి నుంచీ ఉన్నదే కదా అని మీరు అనుకుంటున్నది ఈ ఏడాది వేరే మలుపు తిరిగిందని మీకు తెలియాలి.

కాబట్టి నెల దాటిపోయింది కదా అనుకోకుండా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి చూపించుకోండి. డాక్టర్‌కు ‘గొంతు నొప్పి’ అని సగం చెప్పొద్దు. ‘మా ఆయన గొంతు పిసికాడు, స్పృహ తప్పింది, రెండు రోజులు మింగలేకపోయాను’ అని ఇదే వరుసలో చెప్పండి. మెడికో లీగల్ కేసుగా రాయమని అడగండి. హింసకు గురైన మహిళ వస్తే వైద్యం చెయ్యడం ఆసుపత్రి బాధ్యత అని గృహహింస చట్టంలోనే ఉంది. ఆ కాగితం ఒకటి మీ దగ్గర ఉంటే, రేపు ఎవరు ఏ మాట మార్చినా అది మారదు.

ఇక పరువు. మీ భయం ఉత్త భయం కాదు, దాని వెనక చరిత్ర ఉంది. బ్రిటిష్ వాళ్లు 1871లో నేరస్త తెగల చట్టం తెచ్చి, తర్వాతి కాలంలో చాలాచోట్ల బంజారాలను, అంటే మీ లంబాడీలను కూడా ఆ జాబితాలో ఎక్కించారు. పుట్టుకతోనే దొంగ అన్న ముద్ర. స్వాతంత్య్రం వచ్చాక 1952లో గానీ ఆ చట్టం పోలేదు. తెలంగాణలో లంబాడీలను షెడ్యూల్డ్ తెగల్లో చేర్చే చట్టం 1976లో వచ్చింది, అంటే మీ అమ్మ తరం కళ్లెదుటి సంగతి. పోలీసు అనగానే మీ అమ్మ గుండె జల్లుమంటే అందులో ఆమె తప్పేమీ లేదు. 1999 ప్రాంతంలో దేవరకొండ తండాల్లో ఆడపిల్లల అమ్మకాల వార్తలు వచ్చిన రోజులు నాకు బాగా గుర్తు. తండా తల్లులకు కడుపుతీపి లేదన్నట్టు మాట్లాడిన వాళ్లను నేను నా చెవులతో విన్నాను. ఆ తల్లి తిన్నదా లేదా, నాలుగో ఆడపిల్ల పుడితే ఇంట్లో ఆమెను ఏం చేశారు అని అడిగినవాళ్లు తక్కువ. ఒక్కరు చేసిన పనిని జాతి మొత్తానికి పూసే అలవాటు బయటివాళ్లకు ఉంది. దాన్ని మీరు రోజూ షాపు కౌంటర్ దగ్గర భరిస్తున్నారు.

అయితే ‘లంబాడోళ్లు ఇంతే’ అనే మాటలో నిజమెంతో చూద్దాం. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పెండ్లయిన ఆడవాళ్లలో, 18 నుంచి 49 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లలో, నూటికి 37 మంది దాకా భర్త చేతిలో హింస చూసినవాళ్లే. అన్ని కులాలూ, అన్ని మతాలూ కలిపిన లెక్క అది. అదే సర్వేలో ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబే అన్న తెలంగాణ మహిళలు నూటికి 80 మందికి పైనే. మీ షాపుకు పట్టుచీరలు కొనడానికి వచ్చేవాళ్లలోనూ మెడకు కొంగు సరిచేసుకునేవాళ్లు ఉంటారమ్మా. నల్లగొండలో నా దగ్గరికి లెక్చరర్ల భార్యలు వచ్చారు, కాంట్రాక్టర్ల భార్యలు వచ్చారు, పేరున్న ఇంటి కోడళ్లు కారు రెండు వీధుల అవతల ఆపి నడిచి వచ్చారు. వాళ్ల ఇళ్లకు కాంపౌండ్ గోడ ఉంటుంది, అరుపు బయటికి పోదు. తండాలో ఇంటికీ ఇంటికీ నడుమ ఒక్కటే గోడ, ఊరందరికీ వినిపిస్తుంది. తేడా అంతవరకే. వాళ్లెవరూ స్టేషన్‌కు పోయినప్పుడు ‘వీళ్ల కులం ఇంతే’ అని ఎవరూ అనలేదు. మీకు మాత్రం ఆ మాట పడుతుందన్న భయం ఉంది. అది మీకు జరుగుతున్న రెండో అన్యాయం. మొదటి అన్యాయాన్ని కప్పిపెడితే రెండోది పోదు.

మీ అమ్మ మాటలో ఇంకో మెలిక ఉంది. జాతి పరువు అంటూనే, దాన్ని కాపాడే పని మొత్తం మీ మెడ మీద పెడుతోంది. గొంతు పట్టుకున్నది ఆయన. పరువు పోతుందనుకుంటే పొయ్యేది ఆ చేతి వల్లే కదా. ఆయన్ని పిలిచి ‘నువ్వు మన పరువు తీస్తున్నవ్’ అని ఆ ఇంట్లో ఎవరైనా ఒక్కసారైనా అన్నారా? మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆ వాక్యం కోసం వెతికాను, కనిపించలేదు.

ఆయన మీద మీకున్న జాలిని తీసెయ్యమని నేను చెప్పను. పాలమూరు, దేవరకొండ నుంచి పట్నానికో బొంబాయికో పనికి పోయే మగవాళ్ల బతుకు నాకు తెలియనిది కాదు. అడ్వాన్సు తీసుకున్న నాటి నుంచీ మేస్త్రీ మాటే వేదం. రేకుల షెడ్డులో పడక, చేసిన పనికి లెక్క ఉండదు, అడిగితే కులం పేరుతో తిట్టు. అక్కడ ఆయనకు జరిగేది అన్యాయమే. కానీ మీరు రాసిన ఆ ఒక్క సంగతి మళ్లీ చూడండి. రెండు నెలల కూలి ఎగ్గొట్టిన మేస్త్రీ ముందు ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అంటే కోపం వచ్చినప్పుడు చేతులు కట్టుకోవడం ఆయనకు చేతనవును. ఎదురు తిరిగితే ఏమవుతుందో ఆయనకు తెలిసిన చోట కోపం ఆగుతోంది, ఏమీ కాదని తెలిసిన చోట లేస్తోంది. తాగుడు కూడా కారణం కాదని మూడింట్లో రెండుసార్లు మీరే తేల్చారు. ఆయన కష్టానికి మందు వేరే ఉంది. కూలి బకాయికి కార్మిక శాఖ ఉంది, తాగుడుకు డీఅడిక్షన్ చికిత్స ఉంది, మారాలన్న మనసు ఆయనకు ఉంటే కౌన్సెలింగ్ కూడా ఉంది. మీ మెడ ఆ మందుల్లో ఒకటి కాదు.

ఇద్దర్నీ కూర్చోబెట్టి సర్దిచెప్పే కౌన్సెలింగ్‌కు మాత్రం ఇప్పుడే ఒప్పుకోవద్దు. గొంతు దాకా వచ్చిన చోట, ఆయన పక్కన కూర్చుని మీరు నిజం చెప్పలేరు. చెబితే ఆ రాత్రి ఇంటికి అదే మనిషితో పోవాలి. ఈ మాట మా వృత్తిలో ఉన్నవాళ్లకు కూడా చెబుతున్నాను. ‘పిల్లల ముఖం చూసి కలిసి ఉండండి’ అని రాజీ కాగితం మీద సంతకాలు పెట్టించి పంపడం నేనూ చూశాను. తర్వాత ఆ ఇళ్లలో ఏమైందో తెలిసి నిద్రపట్టని రోజులున్నాయి.

తండా పంచాయితీ గురించి. నసాబ్‌లో, అంటే ఆ పంచాయితీలో కూర్చునే పెద్దలంటే నాకు గౌరవం ఉంది. కోర్టు, స్టేషన్ మొహం చూడకుండా పొలం గట్టు తగాదాలు, అప్పులు ఎన్నో అక్కడే తేలాయి. కానీ మీ విషయంలో ఏం జరిగిందో చూడండి. కొట్టినవాడికి జరిమానా వేశారు, దెబ్బలు తిన్న మనిషి జీతంలోంచి వసూలైంది. అంటే దెబ్బలూ మీవే, జరిమానా మీదే. ఆ తర్వాత ఆయన ఆగాడా అని పెద్దలు వచ్చి చూడలేదు. ఇంకోసారి కూర్చోబెడితే ఆయనకు జరిగేది ఇంకోసారి జరిమానా, అంతే. వాళ్లను శత్రువుల్ని చేసుకోవాల్సిన పని లేదు. తండా పెద్ద నాయక్ దగ్గరకు మీ తరఫు పెద్ద ఒకరిని పంపి, రెండుసార్లు పంచాయితీ జరిగిన మాట అవసరమైన చోట నిజంగా చెప్పమని మాత్రం అడగండి. అది మీకు సాక్ష్యం. 2018 తర్వాత చాలా తండాలు సొంత గ్రామపంచాయతీలయ్యాయి. మీ దగ్గర మహిళా సర్పంచ్ ఉంటే, మహిళా సంఘంలో గట్టి మనిషి ఒకరుంటే, ఆశ కార్యకర్త నమ్మదగ్గ మనిషైతే, వాళ్లలో ఒక్కరికి చెప్పి ఉంచండి.

మీ మరిది చెప్పిన చట్టం సంగతికి వస్తాను. ఆయన చెప్పిందాంట్లో సగం నిజం ఉంది, అందుకే మీరు నమ్మారు. హిందూ వివాహ చట్టంలో 2(2) సెక్షన్ ఉంది. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలకు ఆ చట్టం వర్తించదని అందులో ఉంది. గిరిజనులైనా హిందూ పద్ధతుల్లోనే పెండ్లి జరిగితే వర్తింపజేసిన కోర్టు తీర్పులూ ఉన్నాయి. ఆ చర్చంతా విడాకులకు ఏ దారిలో పోవాలన్న దాని గురించి. మీరు విడాకులు అడగనే లేదు. మీకిప్పుడు కావాల్సింది 2005లో వచ్చిన గృహహింస నిరోధక చట్టం. అది మతం, కులం, తెగ ఏదీ అడగదు. లంబాడీ ఆడమనిషికీ అంతే, రెడ్డి ఆడమనిషికీ అంతే. పెండ్లి రిజిస్టర్ కాలేదన్నా భయం లేదు. పెండ్లి ఫోటోలు, రేషన్ కార్డు, పిల్లల స్కూలు కాగితాలు చాలు.

ఆ చట్టం కింద మేజిస్ట్రేట్ మీకు రక్షణ ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆయన మీ మీద చెయ్యి వెయ్యకూడదు, షాపుకు వచ్చి గొడవ చెయ్యకూడదు అని. దాన్ని మీరితే ఏడాది వరకు జైలు లేదా 20 వేల వరకు జరిమానా, లేదా రెండూ. ఇల్లు అత్త పేరు మీద ఉందన్నారు కదా, మీరు కాపురం చేసిన ఇంట్లోంచి వెళ్లగొట్టకుండా ఉత్తర్వు అడగొచ్చు. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా కోడలు ఈ హక్కు అడగవచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. పిల్లల ఖర్చు, వైద్యం ఖర్చు, పిల్లలు మీ దగ్గరే ఉండడం, అన్నీ ఒకే దరఖాస్తులో అడగొచ్చు. దరఖాస్తు అందిన 3 రోజుల్లో మొదటి వాయిదా వెయ్యాలని, 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. నిజంగా అంత తొందరగా జరగదు. అందుకే మొదటి రోజే మధ్యంతర ఉత్తర్వు, అంటే కేసు తేలేలోపు పనికొచ్చే ఉత్తర్వు అడగమని లాయర్‌కు గుర్తుచెయ్యండి. ‘కేసు పెడితే ఆయన జైలుకు పోతాడు, పిల్లల తండ్రిని జైల్లో పెట్టించానన్న పేరొస్తుంది’ అన్న దిగులు మీకు ఉండి ఉంటుంది. ఈ దారి మొదలయ్యేది జైలుతో కాదు, ఉత్తర్వుతో. క్రూరత్వం కింద క్రిమినల్ కేసు వేరే ఉంది, పాత 498ఏ ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. అది పెట్టాలా వద్దా అన్నది మెడ చూపించుకున్నాక, లాయర్‌తో మాట్లాడి మీరు తేల్చుకోవాల్సింది.

లాయర్ ఫీజుకు ఆగొద్దు. మహిళ అయినందుకు, గిరిజన మనిషైనందుకు రెండు విధాలా ఉచిత న్యాయ సహాయం మీ హక్కు, జీతం ఎంతని అడగరు. 15100కు ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ వాళ్లు దారి చెబుతారు. 181 మహిళా హెల్ప్‌లైన్. నల్లగొండలో సఖి కేంద్రం ఉంది. తాత్కాలికంగా ఉండే చోటు, వైద్యం, లాయర్, పోలీసు సాయం అక్కడే ఒక చోట అందుతాయి. గృహహింస దరఖాస్తు రాయడానికి రక్షణాధికారి దగ్గరకూ వాళ్లే పంపిస్తారు. స్టేషన్‌కు నేరుగా పోవడానికి మనసు రాకపోతే ముందు సఖికి వెళ్లండి. ప్రాణం మీదికి వస్తే మాత్రం ఏదీ ఆలోచించకుండా 100 లేదా 112. ఎక్కడైనా ఎస్సీ, ఎస్టీ కాని మనిషి నలుగురి ముందు మీ కులం పేరు పెట్టి అవమానిస్తే, అది 1989 అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరం. ఖాకీ చొక్కాకు అందులో మినహాయింపు లేదు. మీతో వచ్చే మనిషికి ఈ సంగతి తెలిసి ఉంటే మాట తీరు మారుతుంది, నేను చూశాను.

ఇవన్నీ మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు. ‘నేను కేసు పెడతా, వెళ్లిపోతా’ అని ఆయనకు ముందే చెప్పొద్దు. ఆడమనిషి చెయ్యి జారిపోతోందని తెలిసిన రోజులే ఎక్కువ ప్రమాదం. ఆధార్, రేషన్ కార్డు, కుల ధ్రువీకరణ పత్రం, పిల్లల స్టడీ సర్టిఫికెట్లు, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు షాపులో నమ్మకమైన మనిషి దగ్గర ఒక కవర్లో ఉంచండి. వీలైతే ఒరిజినల్సే. జీతం పంపడం ఒక్కసారిగా ఆపితే అనుమానం వస్తుంది. నెలకు రెండు మూడు వందలైనా పక్కకు పడేలా పోస్టాఫీసులో వేరే ఖాతా తెరవండి, పాస్‌బుక్ ఇంటికి తేవొద్దు. ఆయన వచ్చే శనివారాలు పక్కింటి వదినకు ముందే తెలిసి ఉండాలి. మీరు ఫలానా మాట అంటే ఆమె వచ్చి తలుపు కొట్టాలి. గొడవ మొదలైతే వంటింట్లోకి, గడియ పడే గదిలోకి పోవద్దు, వాకిలి వైపు జరగండి. పత్తి చేనుకు కొట్టే మందు డబ్బాలు ఇంట్లో ఉంటే చేను కాడికి పంపించెయ్యండి. మళ్లీ గొంతు మీద చెయ్యి పడితే ఆ రాత్రి ఆ ఇంట్లో ఉండొద్దు. ఈ జవాబు మీరు చదివే ఫోన్ ఆయన చేతికి పోతుంది కాబట్టి, చదివాక హిస్టరీ తీసెయ్యండి, నాకు పంపిన మెయిల్ కూడా.

మీ పాప గురించి మీరు వయసు తప్ప ఏమీ రాయలేదు. ఎనిమిదేళ్ల పిల్లకు అన్నీ తెలుస్తాయి. మీరు పడిపోయిన రోజు ఆమె ఎక్కడ ఉంది, ఏం చూసింది అని నెమ్మదిగా అడగండి. ‘అమ్మను కాపాడడం నీ పని కాదు, తమ్ముడి చెయ్యి పట్టుకుని వదిన వాళ్ళింటికి పరుగెత్తడం నీ పని’ అని చెప్పండి. పిల్లలు మనం చెప్పకపోతే ఆ పని తమ మీదే వేసుకుంటారు.

చివరగా మీ అమ్మ. పరువు మాట అన్న ఆ రోజు ఆమె మీ మెడ చూసిందా? మీ ఉత్తరాన్ని బట్టి ఆమెకూ చున్నీయే కనిపించి ఉంటుంది. ఆసుపత్రికి పోయే రోజు తోడుకు ఆమెనే తీసుకుపొండి. ‘యాడీ, నాకు భయంగా ఉంది, నాతో రా’ అని మీ భాషలోనే పిలవండి. పరువు గురించి ఏమీ వాదించొద్దు. డాక్టర్ చున్నీ తియ్యమన్నప్పుడు ఆమెను బయట కూర్చోబెట్టకుండా పక్కనే నిలబెట్టుకోండి. మీరు డాక్టర్‌కు చెప్పేదంతా ఆమె విననివ్వండి. ఆ తర్వాత ఆమె ఏమన్నదో నాకు మళ్లీ రాయండి. షాపులో మీ స్నేహితురాలి ఫోన్ నుంచి రాసినా సరే.